అచ్చు నెత్తిన గీత

నాకు తాండూరులో డీటీపీ దుకాణం ఉంది. ఇల్లు వికారాబాదులో. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాను. నాపరాయి పాలిష్ యూనిట్లకు బిల్లు పుస్తకాలు, కంది వ్యాపారులకు విజిటింగ్ కార్డులు, పెళ్లి పత్రికలు. తెలుగు, ఉర్దూ, కన్నడం, ఏ లిపి తెచ్చినా వట్టి చేతులతో ఎవరినీ పంపలేదు. ఆ పొగరు కొంచెం ఎక్కువే ఉండేది.

మా బిడ్డ రష్యాలో డాక్టరు చదువుతోంది. పాఠాలు ఇంగ్లీషులోనే. కానీ ఇక వార్డులో రోగులతో రష్యన్‌లో మాట్లాడాలి. దానికి ముందు నోటి పరీక్ష. అది తప్పితే వార్డులోకి రానివ్వరు, ఏడాది గంగలో కలిసినట్టే. సెలవులకు ఇంటికొచ్చిందన్న మాటే గానీ ఆమెకు తిండి సయించలేదు.

"చదువుడు వస్తది నాయినా. యాడ ఊనాల్నో తెలుస్తలేదు," అన్నది.

ఆ భాషలో మాటలో ఒక అచ్చును గట్టిగా పలకాలట. ఒకచోట ఊనితే పిండి, అదే మాటను ఇంకోచోట ఊనితే యాతన. నేర్చుకునేవాళ్ల పుస్తకాల్లో ఆ అచ్చు నెత్తిన చిన్న గీత పెడతారు. మామూలు రాతలో పెట్టరు, ఆ దేశంవాళ్లకు అవసరం లేదు. రోగులను అడిగే ప్రశ్నలు గీతలతో సహా ఫోన్లో ఉండాలని ఆమె కోరిక.

"గంతేనా? రేపటికల్ల ఇస్త," అన్నాను.

పాత తెలుగు ఫాంట్లతో చెయ్యి తిరిగినవాణ్ణి. అప్పట్లో ముక్కకు ముక్క అతికి అక్షరం చేసేవాళ్లం. కాగితం మీద కుదిరితే చాలు. అదే అలవాటున ప్రతి గీతనూ వేరేగా గీసి, మౌసుతో జరిపి అచ్చుల మీద కూర్చోబెట్టాను. ప్రింటు చూసుకుని మురిసిపోయాను. ఫోన్‌కు పంపితే గీతలన్నీ చెదిరి పక్క అక్షరాల మీద పడ్డాయి. ఆమె ఫోన్ బోర్లించి లోపలికి పోయింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

మర్నాడు పనులన్నీ పక్కన పెట్టి వెతికాను. నెత్తిన గుర్తుతోనే పుట్టిన రష్యన్ అక్షరాలు కొన్ని ఉన్నాయి, వాటికి కంప్యూటర్లో సొంత నంబర్లున్నాయి. ఊనిక గీత పెట్టిన అచ్చులకు లేవు. గీతకే ఒక నంబరుంది, 0301. అచ్చు కొట్టి, వెంటనే ఆ నంబరు కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ నంబరు గీతగా మారి అచ్చు మీద కూర్చుంటుంది. ఎక్కడికి పంపినా వదలదు. యూనికోడ్ తెలుగులో క తర్వాత దీర్ఘం కొడితే కా అయినట్టే. రోజూ చేసే పనే, బుద్ధికి తట్టలేదు.

మరుసటి రోజు బిడ్డ నాతో తాండూరు వచ్చింది. ఆమె పుస్తకం చూసి పైకి చదవడం, నేను కొట్టడం. ఊనవలసిన చోట బల్ల మీద చెయ్యి చరిచేది. తిరుగు రైల్లో నన్నే రోగిని చేసి, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అని రష్యన్‌లో అడిగితే, కడుపు పట్టుకుని మూలిగాను. ఎదుటి సీటు ఆయన నా ఆరోగ్యం గురించి పరేషాన్ అయ్యాడు.

తిరిగి వెళ్లి పరీక్ష గట్టెక్కింది. వార్డుకు వెళ్లిన మొదటి రోజే ఫోన్ చేసింది.

"ఒక ముసలమ్మ నాయినా. ఎవ్వరితోని మాట్లాడదంట. నొప్పి యాడ అని అడిగిన. చెయ్యి పట్టుకొని మస్తు సేపు చెప్పింది."

"అంత సమజైందా?"

"సగం కాలె. నన్ను బిడ్డా అన్నది, గా మాట మాత్రం సమజైంది."

సంతోషపడ్డాను. కొంచెం కుళ్లుకున్నాను కూడా. ఆ పిలుపు నా ఒక్కడిదే అనుకునేవాణ్ణి.