డేటాబేసుకు ఆయుధ పూజ

కొత్తవాడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, చూపుడు వేలు ఒక్కటి కదిపి, హైదరాబాదులో నడుస్తున్న దుకాణాన్ని మూయించిన ఘనత నాది. దొంగలు చేయలేని పని, వాన చేయలేని పని, నేను పండుగ పూట తలస్నానం చేసి మరీ చేశాను. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, చివరిదాకా సరిపడా ఉంది.

మాది జంపఖానాలు నేసే ఆడవాళ్ల సంఘం. నేను అక్షరాలు నేర్చుకున్నదే మనవరాలు బడికి పోయే రోజుల్లో. నేర్చిన కొత్తలో సబ్బు కాగితం మొదలు బస్సు వెనక రాతల దాకా ఏదీ వదల్లేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడా పట్టుబడ్డాక నా మెడ ఇంకాస్త నిటారుగా నిలబడింది. అందుకే మా చెల్లెలి బిడ్డ శ్రావణి సంఘం ఆర్డర్లన్నీ తీసుకెళ్లి క్లౌడ్‌లో ఒక డేటాబేసులో పెట్టినప్పుడు, దాన్ని నేను చూసుకుంటానని అందరికంటే ముందు చెయ్యెత్తాను.

"క్లౌడ్ అంటే మబ్బు గాదు పెద్దమ్మా. మిషను కంపెనోళ్ల దగ్గరుంటది. దాని బాగోగులు, నకళ్లు తీసుడు అంత వాళ్లే జూస్తరు. మనం కిరాయికి వాడుకునుడే."

"మరి లోపలేముంటది?"

"నీ మగ్గమే అనుకో. కొన్నోళ్ల పేర్లు పడుగు, జంపఖానాల నంబర్లు పేక. రెండు కలిసిన కాడ ఆర్డరు."

ఇంత చక్కగా చెప్పడమే ఆ పిల్ల చేసిన తప్పు. ఆ రోజు నుంచి అది నా మనసులో మగ్గమై కూర్చుంది.

దసరా ముందు రోజు మా వాడలో మగ్గం ఆడదు. నా చిన్నప్పుడు మా నాయన తెల్లవారకముందే లేచి మగ్గం దుమ్ము దులిపి, పసుపు రాసి, బంతిపూల దండ వేసేవాడు. ఏడాదంతా టకటకలాడే వాడ ఆ ఒక్కరోజు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, అమ్మ గారెలు వేస్తుంటే నూనె చిటపట వీధిలోకి వినబడేది. మేం పిల్లలం పేక దారం నడిపే నాడె ముట్టుకోబోతే నాయన మెల్లగా అనేవాడు: "దాన్ని పండనియ్యుండ్రి. అది మనకంటె ఎక్కువ అలిసింది." ఇప్పటికీ పసుపు వాసన తగిలితే ముందు ఆ గొంతే వినిపిస్తుంది.

ఆ రోజు నేనూ మగ్గానికి, నాడెకు, కత్తెరకు బొట్లు పెట్టాను. సంఘం ట్యాబ్‌కూ ఒకటి పెట్టాను. అప్పుడు మనసు చివుక్కుమంది. రాత్రీ పగలూ మాకోసం పనిచేసే ఆ డేటాబేసు మాటేమిటి? తెరిచి చూస్తే, పాపం, పచ్చ చుక్క పెట్టుకుని మేలుకునే ఉంది. వెతికి వెతికి 'స్టాప్' అన్న మాట కూడబలుక్కుని చదివి నొక్కాను. నిజంగా ఆపాలా అని అడిగింది.

"నిజంగనే తల్లీ, పండుగ గదా," అని మళ్లీ నొక్కి దండం పెట్టాను.

గారెల పిండి రుబ్బుతుంటే ఫోను మోగింది. హైదరాబాదు దసరా ఎగ్జిబిషన్‌లో మా సంఘం దుకాణం చూస్తున్న సత్తెమ్మ వదిన.

"వదినా, ఫోన్ల ఆర్డర్లు తెరుసుకుంటలేవు! ఖమ్మం హోటలాయనొచ్చి కూసున్నడు. కుట్టేసిన మూటల మీద నంబర్లే ఉన్నయ్, పేర్లు లేవు. ఆయనది ఏదో ఎట్ల దెలుస్తది?"

ఆయన మామూలు గిరాకీ కాదు. సరుకు నచ్చితే ఇక ఏటా నేరుగా మా దగ్గరే కొంటానన్నాడు. ఆయన పోతే మేం మళ్లీ తనకు తోచిన ధరకు సరుకు కొనే సేటు ముందు చేతులు కట్టుకోవాల్సిందే.

"నెట్టు లేదేమో, టవరు దిక్కు తిరుగు."

"తిరిగిన."

"ఫోను ఆపి మళ్ల పెట్టు."

"పెట్టిన! బండికి యాళ్లయితాందని లేస్తాండు వదినా."

"ఛాయ్ తాపియ్ జర!"

"రెండు తాపిన. ఇంకోటి తాపితే దవాఖానకు తీస్కపోవాలె!"

పండుగ పూట కంపెనీ వాళ్లు పని ఎగ్గొట్టారని నిప్పులు కక్కుతూ శ్రావణికి ఫోన్ చేశాను. ఆమె తన కంప్యూటర్‌లో చూసి అడిగింది:

"పెద్దమ్మా, డేటాబేస్ ఆగి ఉన్నది. ఎవరాపిండ్రు?"

"నేనే. దాని సంగతి ఇడిసిపెట్టు, అది పూజల ఉన్నది. ముందు ఆర్డర్లెందుకు తెరుసుకుంటలేవో చెప్పు!"

నా మాట నాకే వినబడింది. మెల్లమెల్లగా విషయం అర్థమై, పిండి చెయ్యి నోటి మీదికి పోయింది.

"స్టార్ట్ నొక్కిన," అంది శ్రావణి. "లేసేదాక జర టైం వడ్తది."

పండుకున్నది లేవాలి కదా! ఈలోగా సత్తెమ్మ వదిన ఉన్నవాటిలో మెత్తటి జంపఖానా పరిచి, "కూసో అన్నా, కాళ్లు గుంజుతయ్" అని ఆయన్ను బలవంతంగా కూర్చోబెట్టింది. ఆయన కూర్చున్నాడు, ఒరిగాడు, గురక పెట్టాడు. డేటాబేసు లేచింది, మూట దొరికింది, బండి వెళ్లిపోయింది, ఆయన మాత్రం లేవలేదు. చివరికి లేచి ఒళ్లు విరుచుకుని, "ఇది గూడ కట్టుండ్రమ్మా, మా ఇంటికి. ఏటేట మీ దగ్గర్నే కొంట," అని తర్వాతి బండికి పోయాడట.

సాయంత్రం శ్రావణిని అడిగాను: "పోనీ బిడ్డా, కొద్దిసేపన్న దానికి రెస్టు దొరికింది గదా?"

"ఏం రెస్టు పెద్దమ్మా? నువ్వు ఆపంగనే కంపెనోళ్లు ఆ మిషను మీద వేరేటోళ్ల పని ఎక్కించి ఉంటరు."

అంటే పండుగ పూట బొట్టు పెట్టినంత భక్తిగా నేను దాన్ని పరాయివాళ్ల కూలికి పంపానన్నమాట! ఆ క్షణమే పసుపు చేతులతో ప్రమాణం చేశాను: బొట్టు పెట్టడానికి నుదురు కనబడని దేనికీ ఈ జన్మలో సెలవు ఇవ్వను.