గులాబీ రంగు కోసం నా పంతం

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, పట్టుదల అంటే చేసిన తప్పునే మరింత శ్రద్ధగా మళ్లీ చేయడమని నేను గట్టిగా నమ్మేదాన్ని. గన్‌ఫౌండ్రీలో ఇల్లు, నాంపల్లిలో ప్రయోగశాల. ఎలుక కాలేయాన్ని పల్చటి పొరలుగా కోసి, గాజు స్లైడ్ల మీద అతికించి, రంగులు వేసి, కణాల్లో ఆర్‌ఎన్‌ఏ ఎక్కడుందో చూపించడం నా పని. ఆర్‌ఎన్‌ఏ ఉన్నచోట గులాబీ రంగు, డీఎన్‌ఏ ఉన్నచోట ఆకుపచ్చ కనిపించాలి. పోల్చి చూడటానికి పెట్టే రెండో స్లైడుకు మాత్రం ముందే ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైము వేస్తాం కాబట్టి అక్కడ గులాబీ రాకూడదు. నాకేమో రెండింటిలోనూ ఆకుపచ్చే (తోటకూర మడిలా)! చివరికి మా సార్ ఓపిక నశించింది. "శనివారం దాకా చూస్తనమ్మా. గప్పటికి గులాబీ కనపడకుంటే గీ పని ఇంకొకరికి ఇస్త" అన్నారు. అబిడ్స్ దాటేదాకా ఏడుపు ఆపుకుని, ఇంటికెళ్లి తీరిగ్గా ఏడ్చి, మర్నాడు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాను. ఆ పని వదులుకునే ప్రశ్నే లేదు.

చిక్కంతా మా అమ్మ పెంపకంలో ఉంది. "బిడ్డా, గిన్నె కడిగితే నీళ్లు తేటగ పోవాలె" అనేది అమ్మ. రంగు వేశాక స్లైడును నీళ్లలో ఒక్కసారి ముంచి తీయమన్నారు సార్. ఒక్క ముంచుతో ఏం శుభ్రమవుతుంది, పాపం మగవాళ్లకేం తెలుసు అనుకుని, నీళ్లు తేటపడేదాకా కడిగేదాన్ని. గులాబీ రాకపోతే ఇంకా శుభ్రం కాలేదేమోనని మరింత కడిగేదాన్ని.

శనివారం పొద్దున నల్లా బంద్, చుక్క నీళ్లు రావడం లేదు. రంగు వేసిన స్లైడ్లు చేతిలో ఉన్నాయి, సార్ వచ్చే వేళైంది. గత్యంతరం లేక సీసా అడుగున మిగిలిన నీళ్లలో అలా ముంచి తీసి, అద్దుడు కాగితంతో ఒత్తి (మనసులో అమ్మకు క్షమాపణ చెప్పుకుని) మైక్రోస్కోపు కింద పెట్టాను. గులాబీ! ఎంజైము వేసిన స్లైడులో లేదు, వేయనిదాంట్లో నిండుగా ఉంది. సార్ వచ్చి చూశారు.

"మరి ఇన్ని దినాలు ఏం చేసినవమ్మా?"

"కడిగిన సార్."

ఇన్నాళ్లూ ఆ గులాబీనంతా నీళ్లతో పాటు నేనే కడిగి పారబోశానన్నమాట. పని నాకే దక్కింది. ఆ సంబరంలో అమ్మను ప్రయోగశాలకు తీసుకెళ్లాను. కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "ఔ, మంచిగున్నది. గని బిడ్డా, గా గులాబీ మరకలు జర కడుగరాదూ?" అంది.

ఇప్పుడు అమ్మ లేదు. వంటింట్లో గిన్నె కడుగుతుంటే అప్పటి నాలోని మొండిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. నీళ్లు ఎప్పుడో తేటపడి ఉంటాయి. అమ్మ గుర్తొచ్చి, ఇంకాసేపు కడుగుతాను.