చలికి ముందే సిద్ధమయ్యే పెద్దమ్మ కారు

పోయిన వారం పెద్దమ్మ వెళ్లిపోయారని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున టీ తాగి, కుర్చీలోనే తల వాల్చేశారట. ఆమె నాకు చుట్టం కాదు. ఎనభైల్లో, మా పెళ్లయిన కొత్తలో, ఎల్‌బీ నగర్ అవతల అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న కాలనీలో మేము కిరాయికున్న ఇంటి యజమానురాలు. గుంటూరు వైపు నుంచి వచ్చిన నన్ను మొదటి రోజే "బిడ్డా" అని పిలిచారు.

వాళ్లది అక్కడే వ్యవసాయం చేసిన కుటుంబం. పొలాలు ప్లాట్లయ్యాక ఆమె భర్త, పెదనాన్న, ఒక పాత కారు కొన్నారు. ఆయనకు చూపు ఆనకపోవడంతో పెద్దమ్మే నడపడం నేర్చుకున్నారు. కొంగు నడుముకు దోపి, స్టీరింగ్ ముందు నిటారుగా కూర్చుని ఆమె బయల్దేరితే, చూడటానికి జనం గేట్ల దగ్గరికి వచ్చేవారు.

దీపావళి వెళ్లగానే కారును చలికాలానికి సిద్ధం చేసేవారు. వేడినీళ్లలో తడిపిన గుడ్డతో బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి పొడి తుడిచి, మనం పెదాలకు రాసుకునే వాసలీన్ పూసేవారు. లైట్లు వెలిగించి చూసి, అద్దాలను లోపలి నుంచి కూడా న్యూస్ పేపర్‌తో రుద్దేవారు.

మావారు నవ్వేవారు. "హైదరాబాద్ చలి కూడా ఓ చలేనా పెద్దమ్మగారూ? కారుకేమవుతుందండీ?"

"నువ్వు స్వెటర్ దొడుక్కోలేదా? గా బండికేమో నోరు లేకపాయె. మనమే జర చూసుకోవాలె."

ఒక ఏడాది డిసెంబర్‌లో, తెల్లవారుతుండగా మావారికి ఉబ్బసం ముదిరింది. మందులు పనిచేయలేదు. మాట రావడం లేదు, పెదాలు నల్లబడుతున్నాయి. బయట ఎదురిల్లు కూడా కనిపించనంత మంచు. ఆ వేళకు ఆటోలు మా కాలనీ వైపు వచ్చేవి కావు. వెళ్లి పెద్దమ్మ తలుపు కొట్టాను.

ఆమె వచ్చి చూశారు. "అల్లున్ని పండవెట్టకు, కూసోవెట్టు" అంటూనే తాళంచెవి అందుకున్నారు.

చోక్ లాగి తాళం తిప్పారు. మొదటిసారికే కారు స్టార్టయింది. ఆ శబ్దం వినగానే నాకు ఏడుపొచ్చింది.

విజయవాడ రోడ్డెక్కాక ఎదురుగా తెల్లటి గోడ. లారీలు దగ్గరికొచ్చేదాకా కనిపించడం లేదు. పెద్దమ్మ కిటికీ దించి తల బయటపెట్టారు.

"బిడ్డా, ఎడమ దిక్కు నువ్వు చూడు. కుడి దిక్కు నేను చూస్త. ఏడ్వకు, కండ్లు మసకైతయ్."

వెనక సీట్లో మావారిని ఒక చేత్తో పొదివి పట్టుకుని, రోడ్డు అంచు చూస్తూ చెబుతూ వచ్చాను. ఆమె తొందరపడలేదు, ఎక్కడా ఆపలేదు. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో వెంటనే ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు డాక్టరు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా మావారు నాతో ఉన్నారు.

ఆ పొద్దున మావారి ఊపిరి కుదుటపడ్డాక పెద్దమ్మకు చెబుదామని బయటికి పరుగెత్తాను. మంచు అప్పుడే విడుతోంది. పెద్దమ్మ కారు ముందు ఒంటరిగా నిలబడి ఉన్నారు. దారంతా స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకున్న ఆ చేతులను ఇంకా వేడిగా ఉన్న బానెట్ మీద ఆనించి, కళ్లు మూసుకుని కాచుకుంటున్నారు.