తాళ్ళు తెంచిన కత్తెరమ్మ

పడినందుకు కాదు కత్తెరమ్మ కోపం. పడ్డాక ఒక్క ఎముకైనా విరగనందుకు. విరిగి ఉంటే చెప్పుకోవడానికి ఓ సాకైనా ఉండేది. ఒంటి మీద గీత కూడా పడని మనిషి, సొంత దుకాణంలో, కుట్టుమిషనుకీ ఇస్త్రీ బల్లకీ మధ్య వెల్లకిలా పడి లేవలేకపోయిందంటే, ఆ సంగతి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది చెప్పండి!

జరిగింది ఇంతే. పొద్దున్నే, ఇంకా వీధి తలుపు తియ్యకముందే, దారం చుట్టిన బాబిన్ జారి కింద పడింది. తీద్దామని స్టూలు మీంచి వంగింది. బాబిన్ వెంట తనూ నేల మీదికి చేరింది. లేద్దామంటే కాళ్ళు మాట వినలేదు. బల్ల కాలు పట్టుకుంది, మిషను కాలు పట్టుకుంది, తన కాళ్ళని మాత్రం నోటికొచ్చినట్టు తిట్టుకుంది. బట్టలకోసం వచ్చినవాళ్ళు తలుపు కొట్టి, "ఇవాళ తెరవలేదేమోలే" అనుకుంటూ వెళ్ళిపోతున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి. కేక వెయ్యడానికి సిగ్గు. ఎండ కిటికీ దాటి గోడెక్కాక సిగ్గు వదిలేసి గొంతు చించుకుని అరిచింది. పక్కనున్న సైకిల్ షాపతను గడియ విరగ్గొట్టుకుని లోపలికి ఉరికాడు.

"అక్కా! ఏమైందక్కా?"

"నాకేమీ కాలేదు! రాయిలాంటి గడియ విరగ్గొట్టావు కదరా!"

కత్తెరమ్మ అన్న పేరు ఊరికే రాలేదు మరి. నోరూ కత్తెరా రెండూ పదునే. భర్త పోయాక చొక్కాలు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టి ఒక్కగానొక్క కూతుర్ని పెంచింది. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. డెబ్బై దాటినా తన తలుపు తనే తీసుకుంటుంది, తనే వేసుకుంటుంది. ఒకరి గుమ్మంలో కూర్చుని టీ కోసం ఎదురుచూసే బతుకు పగవాళ్ళకి కూడా వద్దంటుంది.

సాయంత్రానికి కూతురు ఊడిపడింది. రైల్వే టికెట్ల కౌంటరులో ఉద్యోగం, వచ్చే ఏడాదికి యాభై నిండుతాయి. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఈ యూనిఫారాల పని అవగానే దుకాణం మూసేస్తున్నావు. మా ఇంటికి వచ్చేస్తున్నావు. ఇంకో మాట లేదు."

"మీ ఇంట్లో నేనేం చెయ్యాలే?"

"ఏమీ చెయ్యక్కర్లేదమ్మా. హాయిగా కూర్చో."

ఆ కూర్చో అన్న మాటకి కత్తెరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు డాక్టరు అటూ ఇటూ కాళ్ళు వంచి చూశాడు. "ఎముకలు బాగానే ఉన్నాయమ్మా. తొడల్లో బలం లేదు. వాడకపోతే కండ కరిగిపోతుంది."

"వాడకపోవడమా? మిషను తొక్కీ తొక్కీ అరిగిన కాళ్ళండీ ఇవి!"

"ఇప్పటికీ తొక్కుతున్నారా?"

మిషనుకి మోటారు బిగించి చాలా ఏళ్ళయింది. వీధిలో అందరికంటే ముందు బిగించింది తనేనని ఎంత గొప్పలు పోయిందో!

ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చుని తలెత్తి చూసింది. పైన దూలం నుంచి తాళ్ళు వేలాడుతున్నాయి. ఒక తాడుకి కత్తెర, ఒకదానికి టేపు, ఒకదానికి సుద్ద సంచి, ఇంకోదానికి గుండీల డబ్బా. కుడి చేతికి అందేలా టీ ఫ్లాస్కు, ఎడమ చేతికి అందేలా తీపి బిస్కెట్ల డబ్బా. లేచిన ప్రతిసారీ ఒక గుండీ కాజా కుట్టే టైము పోయినట్టేనని పని నేర్పిన మేస్త్రీ అనేవాడు. ఆ మాట పట్టుకుని స్టూలు కదలకుండా చొక్కా మొత్తం కుట్టి ఇచ్చే ఏర్పాటు చేసుకుంది. తోటి దర్జీలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. "బుర్రంటే నీదే అక్కా" అనేవాళ్ళు. బుర్రేమిటి, బూడిద! ఎవరో వచ్చి తన కాళ్ళు కట్టెయ్యలేదు. తనే ముచ్చటపడి, కొలతలు చూసుకుని మరీ కట్టుకుంది.

కత్తెర అందుకుంది. తాళ్ళన్నీ టపటపా తెంచేసింది. మోటారు విప్పించి, కాలితో తొక్కే చక్రానికి పాత తోలు బెల్టు మళ్ళీ వేయించింది. కత్తెర అటు గోడ మేకుకి, సుద్ద ఇటు కిటికీలో, గుండీలు వెనక గదిలో. ఫ్లాస్కు అటకెక్కింది. బిస్కెట్ల డబ్బా సైకిల్ షాపతని చేతిలో పెట్టి, "నువ్వూ ఎక్కువ తినకు, పొట్ట చూసుకో" అంది.

ఇక చూడాలి తిట్లు! సుద్ద కోసం లేస్తూ ఒక తిట్టు, కత్తెర కోసం లేస్తూ రెండు. స్టూలు పట్టుకోకుండా లేవాలని ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే పిల్ల చెప్పింది. నేల మీంచి లేవడం కూడా ఆ పిల్లే చూపించింది. ముందు పక్కకి తిరగాలి, మోకాళ్ళ మీదికి రావాలి, ఒక పాదం ముందుకు వెయ్యాలి, ఆ తొడ మీద చేతులు ఆనించి పైకి లేవాలి.

"ఈ వయసులో నన్ను పాకమంటావుటే?" అని కత్తెరమ్మ గయ్యిమంది.

"పాకితేనే కదా మామ్మగారూ ఎవరైనా లేచి నిలబడేది" అంది ఆ పిల్ల, నవ్వుతూ.

తలుపు వేసుకుని పాకింది. మొదట్లో సగంలోనే కూలబడేది. కోపంతో ఏడ్చేది కూడా. ఏడుపాగాక మళ్ళీ పక్కకి తిరిగేది. పొద్దున్నే ఒక గుడ్డు, గుప్పెడు ఉడికించిన గింజలు తిని, వీధి చివరిదాకా నడిచొచ్చి, అప్పుడు మిషను దగ్గర కూర్చునేది. రాత్రి కాళ్ళు సలపరించేవి. సలుపుతున్నాయంటే ఉన్నాయన్నమాటే కదా అని సరిపెట్టుకునేది.

యూనిఫారాల పని అయిపోయింది. అమ్మ సామాను సర్దడానికి కూతురు ఖాళీ పెట్టెలతో సహా వచ్చింది. అప్పుడు కత్తెరమ్మ వీధి చివర నడకలో ఉంది. తిరిగొచ్చి చూసేసరికి ఏముంది! కత్తెర, టేపు, సుద్ద, గుండీలు అన్నీ కొత్త తాళ్ళకి ముద్దుగా వేలాడుతున్నాయి.

"గోడకొకటీ మూలకొకటీ పెట్టుకుని ఈ తిరుగుడేమిటమ్మా? మా ఇంటికొచ్చేదాకానైనా అన్నీ చేతికందేలా ఉంటే..."

"ఎవరు కట్టమన్నారే?" కత్తెరమ్మ గొంతు వీధి వీధంతా వినిపించింది. "నిన్నెవరు కట్టమన్నారు? నాకు కాళ్ళు పోతే తప్ప నీ ప్రేమ తీరదా?"

"పడిపోతావన్న భయంతో నేను రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు! పడితే ఎవరు లేపుతారు నిన్ను?"

"నేనే లేస్తాను."

"ఏదీ? లే చూద్దాం! ఇప్పుడు, నా కళ్ళ ముందు లేచి చూపించు, నీ దుకాణం జోలికి మళ్ళీ వస్తే ఒట్టు!"

కత్తెరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మెల్లిగా నేల మీదికి దిగింది. అప్పుడు పడ్డచోటే, వెల్లకిలా పడుకుంది. పక్కకి తిరిగింది. మోకాళ్ళ మీదికి వచ్చింది. పాదం ముందుకు వేసేసరికి ఒళ్ళంతా ఊగింది. కూతురు పక్కనే నేల మీద చతికిలబడి రెండు చేతులూ చాచింది.

"చెయ్యి తియ్యి! ముట్టుకున్నావో ఊరుకోను!"

పళ్ళు బిగపట్టింది. తొడ వణికింది, మోచెయ్యి వణికింది, గడ్డం కూడా వణికింది. లేచింది. ఇస్త్రీ బల్ల పక్కనే ఉన్నా ముట్టుకోకుండా, ఆయాసపడుతూ, నిటారుగా నిలబడింది.

కూతురు కింద కూర్చునే భోరుమంది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, లేవబోయింది. లేవలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. నవ్వొచ్చినట్టు మొహం పెట్టి, చెయ్యి పైకి చాచింది.

"అమ్మా, ఓ చెయ్యివ్వు."

కత్తెరమ్మ ఆ చేతి వంక చూసింది. పొద్దస్తమానం కౌంటరులో ఒకే కుర్చీలో కూర్చునే కూతురు. యాభై కూడా నిండలేదు. తను పడిన రోజు కూడా వెయ్యనంత భయం కత్తెరమ్మకి అప్పుడు వేసింది. ఆ భయం నోటిదాకా వచ్చేసరికి ఎప్పటిలాగే కోపమైపోయింది.

చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఇవ్వను. పక్కకి తిరగవే. ఊఁ, తిరుగు."