వంతెన కింద తాళంచెవి చప్పుడు

మా పెద్దబాపు పోయాడని వాళ్ళబ్బాయి, నాకు అన్న, ఫోన్ చేసినప్పుడు నేను కిషన్‌బాగ్‌లో బండి దగ్గర వంకాయలు ఏరుతున్నాను. ఏరడం అయ్యాకే కదిలాను. పోయినవాళ్ళ గురించి మంచే రాయమంటారు. రాయడానికి మంచి కొంత ఉంది, రాస్తాను. కానీ ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదని ముందే చెప్పేస్తున్నాను.

ఆయన మా నాన్నకు అన్న. ఇద్దరికీ కలిపి అఫ్జల్‌గంజ్‌లో ఇనుప దుకాణం. పెద్దబాపు పాత ఇనుమును దుకాణం తాళంచెవితో తట్టి, చప్పుడు విని, ఏ రకమో చెప్పేవాడు. పోత ఇనుము మొద్దుగా పలుకుతుంది, ఉక్కు ఖంగుమంటుంది. కనబడ్డదల్లా తట్టడం ఆయనకు అలవాటు. నా పెళ్ళికి ముందు అబ్బాయి ఇల్లు చూడబోయి గేటు కూడా తట్టాడు. "గేటు మంచిదే, మనుషులెట్లున్నరో సూడాలె" అన్నాడు, వాళ్ళ ముందే.

నాన్న పోయాక ఆయన బదులు నేను గద్దె మీద కూర్చుని దుకాణం చూసుకుంటానన్నాను. "ఆడపిల్లకు ఇనుము చప్పుడేం తెలుస్తదే?" అన్నాడు పెద్దబాపు. చిన్నప్పటి నుంచి టిఫిన్ డబ్బా తీసుకెళ్ళి, ఆ చప్పుళ్ళు వింటూ పెరిగినదాన్ని. ఆయన నేర్పింది మాత్రం కొడుక్కి. మా అన్నకు పళ్ళెం కిందపడినా బిందె కిందపడినా ఒకటే.

దుకాణంలో ఒక పాత క్యాలెండర్ ఉండేది. దాని మీద స్కాట్లాండ్‌లోని ఇనుప వంతెన బొమ్మ. ఏళ్ళు మారినా దాన్ని తీయనివ్వలేదు. మూడేళ్ళ కింద దాన్ని కళ్ళారా చూడాలని పట్టుబట్టాడు. ఇంగ్లీషు చదివిపెట్టడానికి, మందుల సంచి మోయడానికి నన్ను తీసుకెళ్ళాడు. దుకాణం తాళంచెవిని అలవాటు కొద్దీ జేబులో వేసుకుని విమానమెక్కేశాడు. ఇక్కడ అన్న తాళం పగలగొట్టించి దుకాణం తెరిచాడు.

టూరు బస్సు మమ్మల్ని స్పే నది ఒడ్డున విస్కీ కాచే ఊళ్ళకు తీసుకెళ్ళింది. పచ్చటి గుట్టలు, గాలి నిండా బార్లీ ఉడికిన తీపి వాసన, పీపాల గోదాముల చుట్టూ మసి పట్టినట్టు నల్లబడ్డ చెట్లు. అందరూ రుచి చూడటానికి లోపలికి వెళ్ళారు. ఆయన బయటే నిలబడి మొహం చిట్లించాడు. "సారా బట్టీలు సూడనీకి ఇంత దూరమొస్తరా? వంతెన కాడికి నడు."

రెండు చివర్లా కోట బురుజుల్లాంటి రాతి కట్టడాలు. వాటి మధ్య నదిని ఒక్క అంగలో దాటిన సన్నటి ఇనుప కమాను. అందంగా ఉందని ఒక్క మాట అనలేదు. ఒడ్డు కిందికి దిగి, కమాను రాతిని తాకే చోట తాళంచెవితో తట్టాడు.

"మొత్తం పాత పోత ఇనుమే" అన్నాడు.

"కమాను వరకే పెద్దబాపూ. పైన ఏటవాలు కడ్డీలు ఉక్కు. తర్వాత ఏసినట్టున్నరు."

"నీకేం తెల్సు? నీ మాట నిజమైతే గద్దె మీద నిన్నే కూసోవెడ్త."

ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కుని, నా చెవిని ఇనుముకు ఆనించి, రెంటినీ తట్టాను. చప్పుడులో తేడా ఆయనకూ వినబడింది, నాకు తెలుసు. మాతో వచ్చిన ఒకావిడ అప్పుడే మా ఇద్దరికీ ఫోటో తీసింది. పైకొచ్చి అక్కడున్న బోర్డు చదివి వినిపించాను. కమాను మొదటిదే, పై కడ్డీలు తర్వాత మార్చినవని ఉంది. ఆయన నది వైపు తిరిగాడు. "బోర్డు రాసెటోనికి ఇనుము తెల్సా?" అన్నాడు.

తిరిగొచ్చిన వారానికల్లా బజారంతా కథ పాకింది. సేఠ్ పరాయి దేశపు వంతెనను తట్టి, ఏది పాతదో ఏది కొత్తదో చెప్పాడట. నేను పక్కన మందుల సంచితో ఉన్నానట. వెళ్ళి నిలదీశాను.

"ఎవరు సెప్తేంది? దుకాణం పేరే గద" అన్నాడు. గద్దె మీద అన్ననే కూర్చోబెట్టాడు.

ఇనుము పలుకు పట్టే ఈ చెవి నాకు ఆయన నుంచి వచ్చిందే, కాదనను. ఆసుపత్రిలో చివరి రోజుల్లో మంచం పైపును వేలితో తట్టి "పల్చగున్నది" అని గొణుక్కుంటే నాకు ఏడుపొచ్చింది కూడా. కానీ వంతెన సంగతిలో నిజం అప్పుడు కూడా చెప్పలేదు. అడగడానికి నాకూ నోరు రాలేదు.

పదో రోజు బార్కస్ నుంచి చాచా దుకాణానికి వచ్చాడు. మా ఇనుమును బండి మీద ఏళ్ళ తరబడి తోలినవాడు. కళ్ళు తుడుచుకుంటూ ఆ కథ నాకే చెప్పాడు. "క్యా కాన్ థే సేఠ్ కే, బేటీ! ఏం చెవులు బిడ్డా అవి! ఇనుము ఆయనతోని మాట్లాడేది." నేను తలూపాను.

వంతెన దగ్గరి ఆ ఫోటోనే ఆయన పెద్దది చేయించి గద్దె పైన గోడకు పెట్టుకున్నాడు. ఇప్పుడు దానికే దండ వేశారు. అందులో ఆయనొక్కడే ఉన్నాడు. నన్ను కత్తిరించేశాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చాచా వెళ్ళాక దించి, వెనక అట్ట తీసి చూశాను. కత్తిరించలేదు, మడిచాడు. మడత వెనక నేను, చెవి ఇనుముకు ఆనించి వింటున్నాను.

"ఏం జేస్తున్నవే?" అన్నాడు అన్న.

మడతను అటు నుంచి ఇటు తిప్పి, మళ్ళీ ఫ్రేములో పెట్టి, గోడకు తగిలించాను. ఇప్పుడు గద్దె పైన తాళంచెవి పట్టుకుని నేనున్నాను. పెద్దబాపు వెనక, అట్టకు మొహం ఆనించి ఉన్నాడు. బతికున్నదాన్ని కదా, దండ మాత్రం తీసి పక్కన పెట్టాను.