పొద్దున దండ లేని అక్క

మొన్న పొద్దున అంగడి షట్టర్ ఎత్తేసరికి కెంచార్లహళ్ళి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బ్యాంకులో ఇవ్వడానికి పహణి కావాలట. పహణి అంటే భూమి ఎవరి పేరిట ఉందో, అందులో ఏం పండుతుందో సర్కారు చెప్పే కాగితం. మా చింతామణిలో మనిషికి ఆధార్ ఎంతో, భూమికి అది అంత. నేను కంప్యూటర్ స్విచ్ వేశాను. తెర మీద మా అక్క మొహం వచ్చింది, కింద చిన్న చుక్కలు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి. పెద్దాయన భుజం మీది టవల్ సర్దుకుని, "ఆయమ్మ వచ్చేసిండాది. ఇంక పనైపోతుంది," అన్నాడు. పని కాలేదు. పహణి పేజీ తెరుచుకోకుండా, నీ బ్రౌజర్ పాతబడింది, కొత్తది వేసుకుని రా అని ఇంగ్లీషులో రాసి చూపించింది. "ఏమప్పా, సర్వర్ డౌనా?" అన్నాడాయన. మా దిక్కు ఏ పని ఆగినా మొదట అడిగే మాట అది. "సర్వర్ బాగుండాది తాతా, డౌనైంది మేమే," అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాననే అనుకుంటాను. అప్‌డేట్ చేస్తే సరిపోయే సంగతి. ఎన్నాళ్ళనుంచో ఆ మిషన్ రోజూ చెయ్యనా అని అడుగుతూనే ఉంది, నేను తర్వాత అని నొక్కుతూనే ఉన్నాను. ఎందుకు నొక్కుతున్నానో చెప్పాలంటే, అక్క మొహం ఆ తెర మీదికి ఎలా ఎక్కిందో ముందు చెప్పాలి.

ఎనిమిదో తరగతితోనే బడికీ నాకూ చెల్లిపోయింది. అక్క పది దాకా చదివింది. అందుకని అంగడికి యజమాని ఆమె, మెకానిక్ నేను. జిరాక్స్, ఆన్‌లైన్ అర్జీలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఫ్లెక్స్ బ్యానర్ల డిజైన్లు మా వ్యాపారం. బావ కెంచార్లహళ్ళిలో టమోటా పెడతాడు. అక్క అక్కడి నుంచి మొదటి బస్సుకే వచ్చి కౌంటర్లో కూర్చునేది, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, వాటినే వెతుక్కుంటూ ఉండేది. మా కంప్యూటర్ బాగా ముసలిది. చిక్కబళ్ళాపురలో రిపేరు చేసే ఒకాయన దాన్ని చూసి, ఇది విండోస్ మొయ్యలేదప్పా అని లినక్స్ వేసి పంపించాడు. అది బాగానే నడిచేది గానీ, స్విచ్ వేసిన దగ్గరనుంచి తెరంతా నల్లగా అయిపోయి, తెల్ల అక్షరాలు చీమలబారులా పైకి పాకేవి. మెషీన్ తనలో తను మాట్లాడుకునే మాటలు అవి, తప్పేమీ లేదు. కానీ పహణికి వచ్చిన రైతు ఆ చీమల్ని చూసి, అయ్యో చెడిపోయిందే అని ఎదురు అంగడికి పోయేవాడు. అక్కకు ఒళ్ళు మండేది. "పొద్దున్నే అంగడి తెరస్తానే ఈ నల్ల మొగం యాందిరా? ఏదన్నా దేవుని బొమ్మ పెట్టు," అనింది. ఏ దేవుణ్ణి పెట్టమంటావు, వచ్చేవాళ్ళు తలా ఒక రకం కదా అన్నాను. ఆలోచించి, "అయితే అందురూ భయపడేది పెట్టు," అనింది. అందరూ భయపడేది ఆ సందులో ఒక్కటే ఉంది. ఆమెకు తెలీకుండా ఆమె ఫోటో తీశాను.

లినక్స్‌లో ఆ మొదటి బొమ్మను చూపించే సరంజామాను ప్లిమత్ అంటారు. దానికి ఒక ఫోల్డర్ కట్టాలి, అందులో బొమ్మ పెట్టాలి, చుక్కలు ఎక్కడ వెలగాలో రాయాలి, తర్వాత మెషీన్ తెరుచుకునేటప్పుడు వాడుకునే మూటను మళ్ళీ కట్టమని ఒక ఆజ్ఞ ఇవ్వాలి. ఆ మూట సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత పనికొస్తుంది. మెషీన్ నిద్ర లేస్తూనే తన డిస్కు తెరవలేదు కాబట్టి, అప్పటికి కావలసినవన్నీ ముందే ఒక మూటలో కట్టి పెట్టుకుంటుంది, మనం పొలానికి అన్నం కట్టుకుపోయినట్టు. ఇంట్లో కుండలో కూర మార్చినంత మాత్రాన మూటలో కూర మారదు. మళ్ళీ కట్టాలి. నాకిది తెలియక చాలా అవస్థ పడ్డాను. బొమ్మ పెడతాను, చీమలే వస్తాయి. చివరికి మూట కడితే బొమ్మ వచ్చింది గానీ దాని మీదినుంచే చీమలు పాకాయి. అక్షరాలు ఆపడానికి ఇంకెక్కడో క్వయట్ అని ఒక మాట రాయాలట. అంటే నోరు మూసుకో అని. అక్కకు చెబితే, "ఆ మాట నీకు రాసే చోటు యాడన్నా ఉండాదేమో చూడరా," అనింది.

మరునాడు పొద్దున స్విచ్ వేస్తే చీమలు లేవు. అద్దాలు నెత్తి మీద, నోరు సగం తెరిచి, "క్యూలో రాప్పా" అంటున్నట్టే ఫోటోలో అక్క. నిజం అక్క చేతిలో టీ గ్లాసు అట్లాగే ఆగిపోయింది. "థూ నీ! బతికుండంగానే ఫోటో పెట్టేసినావేమిరా! దండ ఒగటే తక్కువ, అదీ వేసెయ్!" మా దిక్కు గోడమీద ఫోటో అంటే పోయినవాళ్ళదే, దానికి దండ, నుదుటిమీద కుంకుమ బొట్టు. బతికినవాళ్ళ ఫోటోలు బీరువాలో ఉంటాయి. తీసెయ్యమని వారం పాటు పోరింది, నేను మూట కట్టడం మరిచిపోయానని సాకు చెప్పాను. ఈలోపల ఆమే గమనించింది, ఆ మొహం తెర మీద ఉన్నంతసేపు ఒక్కరూ ఎదురు అంగడికి పోవడం లేదు. మాట్లాడకుండా వరసలో నిలబడుతున్నారు. ఇంక తీయమనలేదు. "ఫోటో నాకంటే బాగా పని చేస్తాండాది," అని మాత్రం అనేది.

ఆ మరుసటి ఎండాకాలం అక్క పోయింది. కౌంటర్లో కూర్చునే ఎడమచెయ్యి లాగుతోందని అనింది, చిక్కబళ్ళాపుర ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. కారులో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని బావ, "శ్రద్ధాంజలి ఫ్లెక్స్ నువ్వే చెయ్యి, బయట ఇయ్యద్దు," అన్నాడు. అంగడికి వచ్చి స్విచ్ వేశాను. క్యూలో రాప్పా అంటూ వచ్చింది. చుక్కలు వెలిగాయి. తర్వాత నేను దండ ఫైలు తెరిచాను. మా అంగడిలో దండ ఒకటే. చామంతి, నడుమ గులాబీ. చింతామణిలో పోయినవాళ్ళలో సగంమంది ఆ దండే వేసుకుని పోయారు. అక్క ఫోటో మీద పెట్టాను, మెడ దగ్గర కాస్త వంచాను, కింద, మా దిక్కు రాతంతా కన్నడమే కాబట్టి, కన్నడంలో భావపూర్ణ శ్రద్ధాంజలి అని టైపు చేసి ఒత్తులు సరిచూసుకున్నాను. ఎప్పటికన్నా త్వరగానే అయింది. ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు, వీడు నవ్వించేవాడు కదా, చూడు ఎట్లయిపోయినాడో అనుకున్నారు. నేనేమీ అయిపోలేదు. ఆకలి వేసింది, తిన్నాను.

కర్మలయ్యాక బావ అంగడికి వచ్చి కంప్యూటర్ వెయ్యమన్నాడు. చూసి, "దాంట్లో గూడా దండ వెయ్యిరా. పోయినామె ఫోటో ఉత్తదిగా పెట్టకూడదు, చూసేవాళ్ళు ఏమనుకుంటారు," అన్నాడు. సరే బావా అన్నాను. ఆ మధ్యాహ్నమే దండ, బొట్టు పెట్టిన బొమ్మ ఫోల్డర్లో వేశాను. మూట కట్టే ఆజ్ఞ టైపు చేశాను. ఎంటర్ నొక్కేలోగా ఎవరో జిరాక్స్ అడిగారు, లేచాను. మళ్ళీ కూర్చోలేదు. అంతే, అందులో పెద్ద బాధ ఏమీ లేదు. సాయంత్రం మెషీన్ ఆపితే తెర మీద దండతో అక్క వచ్చింది. ఆపేటప్పుడు మెషీన్‌కు మూటతో పని లేదు, డిస్కు తెరిచే ఉంటుంది కాబట్టి నేరుగా ఫోల్డర్లోంచే తీసుకుంటుంది. మరునాడు పొద్దున వేస్తే మూటలోని పాత అక్క, దండ లేకుండా, క్యూలో రాప్పా అంటూ. రోజూ పొద్దున వచ్చి, రోజూ సాయంత్రం పోతోంది.

బావ టమోటా మార్కెట్‌కు వచ్చి, అటునుంచి అంగడికి వచ్చాడు. "వెయ్యలేదేమిరా?" అన్నాడు. "వేసినా బావా. సాయంత్రం ఉండాది, పొద్దున రాలేదు," అని ఒకసారి ఆపి చూపించాను, మళ్ళీ వేసి చూపించాను. బావ రెండూ చూశాడు. "ఇది నువ్వు కావాలని చేసిందా?" "లేదు బావా. మద్దెలో లేచినా." టవల్‌తో మొహం తుడుచుకుని, "లేచినోడివి లేచినట్లే ఉండు," అన్నాడు. అప్పటినుంచి మార్కెట్ రోజుల్లో షట్టర్ ఎత్తే వేళకు వచ్చి, స్టూలు మీద కూర్చుని, చుక్కలు అయిపోయేదాకా చూసి, టీ తాగి పోతాడు. సాయంత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఇక అప్‌డేట్ అంటారా, ఇన్నాళ్ళు ఆపింది కాబట్టి అది పెద్దదే, అలాంటిది చేస్తే మెషీన్ తన మూటను తనే మళ్ళీ కట్టుకుంటుంది, ఫోల్డర్లో ఉన్న బొమ్మతో. అందుకే తర్వాత అని నొక్కడం, బావకూ ఈ సంగతి తెలుసు. పాత ఫోటో తిరిగి ఫోల్డర్లో వేస్తే పోయేది కదా అని మీరనవచ్చు. వెయ్యడం తెలుసు. కానీ పోయినవాళ్ళకు ఒకసారి వేసిన దండ తీయడం మా ఇళ్ళల్లో లేదు. వాడిపోతే కొత్తది వేస్తారు, మెడ ఉత్తది చెయ్యరు.

పెద్దాయన మెట్టు మీద కూర్చునే ఉన్నాడు, బ్యాంకు మేనేజరు మధ్యాహ్నం దాకే ఉంటాడట. బావకు ఫోన్ చేశాను. "పహణి తెరుచుకోలేదు బావా. అప్‌డేట్ చెయ్యాల." అవతల టమోటా వేలం అరుపులు వినిపించాయి. "చేస్తే దండ వస్తాదా?" "వస్తాది." అరుపులు కాస్త దూరమయ్యాయి, బావ పక్కకు జరిగినట్టున్నాడు. "ఆయమ్మే ఉండుంటే, మనిషిని కూర్చోబెట్టుకోని ఫోన్లు చేస్తాండావేమిరా అని ఈపాటికి నీ చెవి మెలిపెట్టుండు. చెయ్యి," అన్నాడు. చేశాను. పెద్దాయనకు పహణి ఇచ్చాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చెప్తి కదా, ఆయమ్మ వస్తే పనైపోతుందని," అన్నాడు.

మరునాడు బావ ఎప్పటిలాగే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. స్విచ్ వేశాను. బొట్టు, చామంతులు, నడుమ గులాబీ, వెనక నోరు సగం తెరిచిన అక్క. కింద చుక్కలు.

"అదే దండా?"

"అదే బావా."

"ఊరందరికీ వేసిందే."

"ఊఁ."

"మెడ దగ్గర బాగా వంచినావు," అన్నాడు. టీ వచ్చింది, తాగాడు, పోయాడు. మెషీన్ ఇప్పుడు మునుపటికన్నా త్వరగా తెరుచుకుంటుంది. పొద్దునకూ సాయంత్రానికీ మా అంగడిలో ఒక తేడా ఉండేది. ఇప్పుడు గోడ గడియారం చూసి తెలుసుకుంటున్నాను.