మధ్య పిల్లర్ మీద ఆగిన కర్సర్

దెయ్యం, గాలి, ధూళి అంటే నవ్వే మనిషిని నేను. ఇంట్లో ఎవరికైనా దిష్టి తగిలిందంటే, ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నారో అడుగుతాను. అందుకే ఇది రాయడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ దగ్గర పదకొండేళ్ళుగా డ్రాయింగులు గీస్తున్నాను. ఏ పిల్లర్‌కు ఎంత మందం రాడ్లు వేయాలో సార్ లెక్క కడతారు, నేను డ్రాయింగులోని పట్టికలో ఒక్కో పిల్లర్‌కు ఒక్కో వరసగా పెడతాను. మా ఇల్లు ఎల్బీనగర్‌లో. సెలవు రోజుల్లో అర్జెంటు పని పడితే, ఇంట్లో లాప్‌టాప్ నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు రిమోట్‌లో కనెక్ట్ అవుతాను.

సార్‌ది బాపట్ల వైపు. ఆయుధపూజకు ఆఫీసులో కీబోర్డులు, మౌసులు అన్నీ పీకించి, అమ్మవారి పటం ముందు వరసగా పెట్టి, పసుపు, కుంకుమ, పూలు వేయిస్తారు. దసరా మర్నాటి దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఇది జరిగిన ఏడాది నా కంప్యూటర్ ఒక్కటీ ఆన్‌లో ఉంచమని బతిమాలాను.

"పూజలో పెట్టాక పని చేయకూడదమ్మా. ఇంక నీ ఇష్టం" అన్నారు సార్.

చేయక తప్పదు మరి. ఆ డ్రాయింగు మా చెల్లెలు స్వప్న కట్టుకునే ఇంటిది. వాళ్ళు పోచంపల్లి నుంచి వచ్చి చంపాపేట్‌లో చీరల షాపు పెట్టుకుని, ఇన్నేళ్ళూ కిరాయి ఇళ్ళల్లోనే గడిపారు. దసరా మర్నాడే పునాది పని. పండగ రోజు పొద్దున పదింటికే దాని ఫోన్.

"అక్కా, మేస్త్రి రేపు పొద్దుగాలనే పిల్లర్ల రాడ్లు నిలబెడ్తడంట. డ్రాయింగ్ ఏదని ఒకటే పరేషాన్ చేస్తున్నడు. జర జల్దీ పంపవా?"

మిగిలింది ఒక్క మార్పే. వరండా పిల్లర్‌కు పదహారు ఎంఎం రాడ్లు తీసి పన్నెండు పెట్టమన్నారు సార్.

ఆఫీసు మానిటర్ పెద్దది, నా లాప్‌టాప్ చిన్నది. రిమోట్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయి. పైగా నేను ఒక చోట క్లిక్ చేస్తే, అది ఒక వరస కింద పడేది. చాలా రోజులుగా అంతే. బాగు చేయించే తీరిక లేక, ఒక వరస పైన క్లిక్ చేయడం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజు మధ్యలో స్క్రీన్ నల్లబడి, మళ్ళీ వచ్చింది. వచ్చాక ఆ తేడా పోయింది. అది నాకు తెలియదు. అలవాటు కొద్దీ పైవరసలోనే క్లిక్ చేసి పన్నెండు కొట్టాను. వరండా పిల్లర్ పైవరస ఇంటి మధ్య పిల్లర్‌ది. మూడంతస్తుల బరువు దాని మీదే. దానికి ఉండాల్సింది ఇరవై. నేను చూసుకోనేలేదు.

పీడీఎఫ్ చేసి పంపుదామని మౌస్ కదిపితే కర్సర్ కదల్లేదు. నెట్ స్లో అనుకున్నాను. అంతలో అదే నెమ్మదిగా జరుగుతూ పట్టిక మీదికి వెళ్ళి, మధ్య పిల్లర్ వరసలో ఆగింది. పక్కకు లాగాను. మళ్ళీ అక్కడికే వచ్చింది. చిరాకేసి నా మౌస్ వైరు పీకేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను.

నా కళ్ళ ముందే పన్నెండు చెరిగిపోయింది. ముందు రెండు పడింది. కాసేపాగి సున్నా పడింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒక్క వేలితో వెతుక్కుంటూ కొడతారే, అలా.

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. భయమేసింది. తప్పు చేసినందుకా, దాన్ని ఎవరో దిద్దినందుకా, చెప్పలేను.

ఆఫీసులో దొంగ దూరాడేమోనని సార్‌కు ఫోన్ చేసి, మెట్రో ఎక్కి వెళ్ళాను. షటర్‌కు వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి ఒక్కటే, సార్ దగ్గరుంటుంది; ఆయనే వచ్చి తీశారు. లోపల కీబోర్డులు, మౌసులు పటం ముందే ఉన్నాయి. వాటి మీది బంతిపూలు వాడాయి గానీ కదల్లేదు. సార్ వంగి నా కంప్యూటర్ వెనక చేత్తో తడిమి చూశారు. ఒక్క వైరు కూడా తగిలించి లేదు. మానిటర్ వేస్తే, ఆ వరసలో ఇరవై అలాగే ఉంది.

"రిమోట్‌లో ఇలాంటివి మామూలేనమ్మా. నువ్వు నొక్కినవే ఆలస్యంగా పడుంటాయి" అన్నారు సార్. అంటూనే కంప్యూటర్ వెనక ఇంకోసారి తడిమి చూశారు.

నేను నొక్కింది ఆలస్యంగా పడొచ్చు. నొక్కనిది ఎలా పడుతుంది? ఆ రోజు నేను ఇరవై అన్న అంకె కొట్టనే లేదు. వేరే ఎవరైనా కనెక్ట్ అయ్యారేమోనని నెట్‌వర్క్ చూసే అతన్ని పిలిపించి చూపించాం. ఆ రోజంతా నా లాప్‌టాప్ ఒక్కటే కనెక్ట్ అయ్యుంది.

ఆ సాయంత్రం వెంట తెచ్చుకున్న లాప్‌టాప్‌లోనే వరండా పిల్లర్ అంకె మార్చి, డ్రాయింగ్ ప్రింటు తీసి, ప్రతి వరసా వేలు పెట్టి సార్, నేను రెండుసార్లు చదివాకే పంపాను. ఆలస్యం ఎందుకైందని చెల్లెలు అడిగింది. కరెంటు పోయిందని అబద్ధం చెప్పాను.

గృహప్రవేశం నాడు స్వప్న చుట్టాలందరినీ మధ్య పిల్లర్ దగ్గరికి తీసుకొచ్చింది. దాన్ని అరచేత్తో తడుతూ "గీ ఇంటికి లెక్కలన్నీ మా అక్కనే చూసింది. ఎంత గట్టిగున్నదో సూడుండ్రి" అంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. దాని పిల్లలిద్దరూ పిల్లర్ చుట్టూ తిరుగుతూ ఆడుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం అనుకున్నారు వాళ్ళు.

ఆ పిల్లర్‌కు నేను కొట్టింది పన్నెండు. ఇరవై ఎవరు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.